మగ్గం గురించి జవాబు రాలేదు

మా ఆయన గోవా జైలు నుంచి రాసిన మొదటి ఉత్తరాన్ని మా వాడలో అందరూ విన్నారు. పోస్ట్‌మ్యాన్ చేతిలోంచి మా మరిది దాన్ని అందుకుని మగ్గాల గదిలోకి వచ్చేసరికి మా మామ మగ్గం మీద నాడె ఆపాడు. ఎదురింట్లో మగ్గం ఆగింది, పక్కింట్లో ఆగింది. షోలాపూర్ భవాని పేట్‌లో పట్టపగలు ఇన్ని మగ్గాలు ఒక్కసారిగా ఆగాయంటే ఎవరో పోయి ఉండాలి, లేదంటే ఎవరికో ఉత్తరం వచ్చి ఉండాలి. ఎదురింటి పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి గడప మీద చతికిలబడింది.

"తీర్థరూప్ బాబాంస్ శిరసాష్టాంగ్ నమస్కార్" అని మరిది మొదలుపెట్టాడు. ఉత్తరమంతా మరాఠీ. తండ్రికి నమస్కారాలయ్యాయి, తల్లికి అయ్యాయి, తమ్ముడికి ఆశీర్వాదాలయ్యాయి. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడగడం కూడా అయింది. నేను తలుపు చాటున, చేతిలో నూలు కండె పట్టుకుని నిలబడ్డాను. అంతా అయ్యాక, సంతకానికి కాస్త పైన, "ఇంట్లో అందరినీ అడిగినట్టు చెప్పండి" అని ఉంది. ఆ అందరిలో నేనున్నాను. కట్టుకున్న పెళ్ళాన్ని పెద్దమ్మ మోకాళ్ళ తర్వాత ఎక్కడో అందరిలో కలిపేశాడు మహానుభావుడు. నా ఒళ్ళు మండిపోయింది.

"మంచిగున్నడంట బిడ్డా, మంచిగున్నడంట" అని అత్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. నాకు ఏడుపు రాలేదు. ఆ కాగితం లాక్కుని, చివరి మాట పక్కన నా పేరు నేనే రాసుకోవాలనిపించింది.

ఆయన తప్పు కూడా కాదులెండి, అప్పటి పద్ధతే అంత. తండ్రి బతికుండగా పెళ్ళాం పేరు మీద ఉత్తరం రాస్తే సిగ్గులేని మనిషి అనేవారు. పైగా ఆ పోర్చుగీసు జైలువాళ్ళు తమకు చదవడానికి వచ్చిన భాషలో ఉంటేనే ఉత్తరాన్ని కదలనిస్తారట. తెలుగు వాళ్ళకు రాదు. ఆ మాటకొస్తే మా ఆయనకూ రాయడం రాదు. షోలాపూర్‌లో పుట్టి మరాఠీ బడికి పోయిన మనిషి, నోట్లో తెలుగు, కాగితం మీద మరాఠీ. నా సంగతి తిరగబడి ఉంది. సిద్దిపేట దిక్కు మా ఊళ్ళో నాన్న నాకు తెలుగు అక్షరాలు నేర్పాడు. మరాఠీ వింటే తెలుస్తుంది, చూస్తే తెలియదు. ఆయన రాసింది నేను చదవలేను, నేను రాసింది ఆయన చదవలేడు. మొగుడికీ పెళ్ళానికీ మధ్య మా మరిది ఒకడే దిక్కు, అతనేమో మిల్లు ఆఫీసులో గుమాస్తా, ఎప్పుడూ తొందరలో ఉంటాడు.

అసలు ఆయన వెళ్ళడమే నాకు మింగుడు పడలేదు. రోజూ సాయంత్రం కొంతం చౌక్‌లో నిలబడి పేపర్ చదివి వచ్చేవాడు. యాభై అయిదులో గోవాకు సత్యాగ్రహులు పోతున్నారని తెలిసింది మొదలు ఆయన కాలు నిలవలేదు. "దేశానికి స్వతంత్రం వచ్చి ఎనిమిదేండ్లాయె. ఇంకెవరి కోసం పోతవ్?" అని అడిగాను. "గోవాకు రాలే కద" అన్నాడు. "గోవాల మన చుట్టాలున్నరా?" అంటే నవ్వాడు. "పోతే కొడ్తరు, సరిహద్దు ఇవతల పడేస్తరు. పండుగ లోపట వస్త. మగ్గం అట్లనే ఉండనీ" అన్నాడు. చాలామందిని అలాగే కొట్టి ఇవతల పడేశారు. ఈయనతోపాటు కొందర్ని మాత్రం ఉంచుకుని శిక్ష వేశారు. పండుగ వచ్చింది, పోయింది. మగ్గం అట్లనే ఉంది.

ఆ మగ్గమే నా గొడవంతా. మా ఇంట్లో రెండు గుంట మగ్గాలు. కిటికీ పక్కది మామది, గోడ వైపుది మా ఆయనది. తొమ్మిది గజాల చీరల పడుగు దాని మీద సగం నేసి ఉంది. ఆ ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుడతారు, తెగిన పోగులు అతుకుతారు, గుంటలోకి మాత్రం దిగరు. నేనట్లా పెరగలేదు. మా నాన్నకు కొడుకుల్లేరు. కాళ్ళు తొక్కుడు పలకలకు అందగానే నన్ను గుంటలో కూర్చోబెట్టాడు. పెళ్ళి నాటికి రెండు వైపులా అంచుతో చీర నేసి దించేదాన్ని. ఈ ఇంటికి వచ్చాక చరఖా ముందు కూలబడ్డాను. మూడేళ్ళుగా ఇంకొకరు నేసేదానికి దారం అందించడమే నా బతుకైపోయింది.

ఇప్పుడు మగ్గం ఖాళీగా ఉంది, మగ్గం పని వచ్చిన మనిషి ఇంట్లో ఉంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. ఎలుకలు పడుగు మీద తిరగడం మొదలుపెట్టాయి. నూలు ఇచ్చిన సావుకారు మనిషి వచ్చి, "చీరలన్న దించుండ్రి, నూలన్న వాపస్ ఇయ్యుండ్రి" అని చెప్పి పోయాడు. ఆ రోజే మామ దగ్గరికి వెళ్ళి నేను కూర్చుంటానన్నాను.

మామ చెడ్డవాడు కాదు. కోప్పడలేదు కూడా. "అది వాని మగ్గం బిడ్డా. ఎవని మగ్గం మీద వాడే మాట చెప్పాలె. వాడు కూర్చో అంటే కూర్చో. నేను చెప్పేది కాదు" అన్నాడు.

"ఆయన ఏడున్నడో ఎరుకేనా మామా?"

"పత్ర్ రాస్తున్నం కద. అడుగు."

అడుగుమన్నాడు కదా అని సంబరపడ్డాను. ఎవరి ద్వారా అడగాలో, ఎన్ని చేతులు దాటాలో అప్పటికింకా తెలిసిరాలేదు.

మొదటిసారి మరిది రాస్తుంటే, మగ్గం సంగతి అడుగు అని చెప్పి నీళ్ళకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఉత్తరం అంటించేశాడు. "రాసినవా?" అంటే, "జాగ సరిపోలే వదినె. అవ్వ ఏడ్సుకుంట చెప్పిందే కాగితం నిండ అయింది" అన్నాడు. పోనీలే అనుకున్నాను. ఇంకోసారి రాయడానికి వీలు దొరికేసరికి చలికాలం వచ్చింది. ఈసారి అతని పక్కనే కూర్చున్నాను. "రాసిన వదినె" అన్నాడు. ఏం రాశావో చదవమంటే, "ఇంట్లో మగ్గం గురించి అడుగుతున్నారు" అట. ఎవరు అడుగుతున్నారు, ఏం అడుగుతున్నారు, ఏమీ లేదు. అప్పటికే పోస్ట్ డబ్బాలో పడింది.

దానికి జవాబు రాకపోతే ఇంకా నయం. వచ్చింది. మళ్ళీ మగ్గాలన్నీ ఆగాయి, పెద్దమ్మ వచ్చింది, అత్తమ్మ ఏడ్చింది. మరిది చదివాడు: "మగ్గం గురించి ఎవరూ దిగులు పడకండి. అంతా మంచే జరుగుతుంది."

అంతా మంచే జరుగుతుందట! ఎలుకలు నలభై పోగులు కొరికేసి కూర్చుంటే ఈయన అక్కడి నుంచి అభయమిస్తున్నాడు. చుట్టుపక్కల వాళ్ళంతా "ఎంత ధైర్యం చూడు, జైల్ల ఉండి మనకు ధైర్యం చెప్తున్నడు" అని మురిసిపోయారు. నేను లోపలికి వెళ్ళి గిన్నెలు తోమాను. ఆ రోజు తోమిన చప్పుడు కొంతం చౌక్ దాకా వినపడి ఉంటుంది.

మూడోసారి మరిదిని తప్పించుకోనివ్వలేదు. అతనికి సెలవు రోజు, అత్తమ్మ గుడికి వెళ్ళిన సమయం చూసి, కాగితం ముందు కూర్చోబెట్టాను. "నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె. నమస్కారాలు ఒక్క లైన్ల కానియ్యి. మిగిలింది నాది" అన్నాను.

నవ్వుతూనే కలం పట్టాడు. నేను చెప్పాను. ఎడమ అంచు దిక్కు నలభై పోగులు తెగినయి, అవన్నీ నేను అతుకుత. పడుగు మీది రెండో గుర్తు దాకా నేసి, దోనెకు చుట్టిన గుడ్డను కోసి దించుత. తర్వాత కొత్త పడుగును పాతదానికి పోగు పోగు అతుకుత. కుడి తొక్కుడు పలక తాడు మారుస్త. అచ్చు బాగుంది, నాడె బాగుంది. నాకు చేతనైతది. నువ్వు ఊ అను, లేకుంటే వద్దు అను. ఇంకేం రాయకు.

"పడుగును మరాఠీల ఏమంటరు వదినె?" అన్నాడు.

"నన్నడుగుతవేంది? బడికి పోయింది నువ్వా, నేనా?"

"బడిల పంతులు మగ్గం చెప్పలే. మిల్లు ఆఫీసుల ఇవేవీ రావు."

"అట్లయితే మన మాటే రాయి. చదివేది మీ అన్ననే కద, ఆయనకు తెల్వదా?"

అలాగే రాశాడు. పడుగు, దోనె, అచ్చు, తొక్కుడు పలక, అన్నీ మన మాటలే, మరాఠీ అక్షరాల్లో. మధ్య మధ్యలో నలభై, రెండో గుర్తు, ఎడమ, కుడి. చివర కాగితం నాకు చదివి వినిపించాడు. పెళ్ళయిన తర్వాత నా మాట ఒకటి పొల్లుపోకుండా ఆయనకు చేరబోతోందని ఆ రోజంతా నాకు కాలు నేలమీద నిలవలేదు.

ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

ముందు నెల ఆలస్యమైందనుకున్నాం. ఇంకో నెల గడిచింది. పోస్ట్‌మ్యాన్ మా సందులోకి వస్తే అత్తమ్మ లేచి నిలబడేది, అతను తల అడ్డంగా ఊపుతూ ముందుకు పోయేవాడు. మరిది ఏం రాశాడో తెలిసినవాళ్ళం ఇద్దరమే అయినా అది ఇంట్లో బయటపడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. "చూసినవా, వానికి కోపమొచ్చింది" అంది అత్తమ్మ. "జైల్ల ఉన్న మొగన్ని మగ్గం ఇస్తవా ఇయ్యవా అని నిలదీస్తరా ఎవరన్న?" కోపమొస్తే వద్దు అని రాయవచ్చు కదా! ఒక్క ముక్క! ఊ అంటే ఊ, వద్దంటే వద్దు. జవాబు చెప్పడానికి కూడా పనికిరాని దాన్నా నేను? చరఖా తిప్పుతూ ఆయనతో గంటలు గంటలు పోట్లాడేదాన్ని. అన్నీ మనసులోనే. ఆయన వైపు మాటలు కూడా నేనే చెప్పుకోవాల్సి వచ్చేది.

ఎండాకాలంలో ఆ జైలు నుంచే జబ్బు చేసి విడుదలైన ఒక మరాఠీ ఆయన షోలాపూర్ వచ్చాడు. కొంతం చౌక్‌లో దండలు వేశారు. మామ ఆయన్ని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాడు. చాయ్ ఇచ్చాం. మా ఆయన పేరు చెప్పగానే ఆ పెద్దమనిషి కప్పు కింద పెట్టి, "ఓహో, ఆ ఉత్తరం మీ ఇంటిదేనా?" అని పకపకా నవ్వాడు.

ఆ ఉత్తరం జైలు అధికారుల చేతిలో పడిందట. పైన మరాఠీ, లోపల ఎవరికీ అర్థం కాని మాటలు, నడుమ లెక్కలు. ఇదేదో రహస్య భాష, బయటివాళ్ళతో కలిసి ఏదో చేయబోతున్నారు అనుకున్నారట. మా ఆయన్ని పిలిపించి, దుబాసీతో ఒక్కొక్క మాటా చదివించి అడిగారట, ఈ నలభై ఏంటి, ఎవరు తెంపారు, రెండో గుర్తు ఎక్కడుంది, అక్కడ ఎవర్ని కోస్తారు అని. ఈయన నేలమీద కూర్చుని కాళ్ళతో తొక్కి చూపించాడట, చేతులతో నాడె విసిరి చూపించాడట. అయినా నమ్మలేదట. కొన్నాళ్ళు మిగతావాళ్ళ నుంచి వేరుగా ఉంచి, ఉత్తరాలు బంద్ చేశారట.

గదిలో అందరూ నవ్వారు. మరిది నవ్వి, నన్ను చూసి ఆపేశాడు. అత్తమ్మ నవ్వలేదు. "నీ మగ్గం పాడుగాను" అంది నా వైపు తిరిగి, "నా కొడుకును ఒంటిగ కూర్చోబెట్టినవ్ కదనే." ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నేనేమన్నా బాంబు గురించి రాశానా? తెగిన పోగుల గురించి రాశాను. అది ఆయనకు మాత్రమే తెలిసిన భాష, ఆయనకు మాత్రమే రాసింది. నడుమ ఇంకొకడు చదువుతాడని నాకూ తట్టలేదు, మరిదికీ తట్టలేదు. ఇంట్లో ఇన్నిసార్లు నడుమ చదివే మనుషుల్ని చూశాక కూడా తట్టలేదు.

కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా అడగాల్సింది అడిగాను, తలుపు చాటునుంచే. "అత్తమ్మా, మరి ఆయన ఏమన్నడంట? ఊ అన్నడా, వద్దన్నడా, అడుగు."

మరిది ఆ మాట మరాఠీలో చెప్పగానే ఆ పెద్దమనిషి పాపం నవ్వు మాని, "అది నాకు తెలియదమ్మా. ఆయనకు కాగితమే ఇవ్వడం లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఇల్లూడ్చి, ముగ్గేసి, తిన్నగా వెళ్ళి గోడ వైపు మగ్గం గుంటలోకి దిగాను. తెగిన పోగులు అతకడం మొదలుపెట్టాను. మామ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"వాడు చెప్పిండా?"

"చెప్పనిస్త లేరు గద మామా. ఎలుకలకు ఎవరు చెప్పిన్రు? అవి కొరుక్కుంటనే పోతున్నయి."

మామ పడుగు అంతా చేత్తో తడిమి చూశాడు. "వాడు వచ్చేదాక" అన్నాడు చివరికి. "వాడు వచ్చిన్నాడు లెవ్వాలె."

"లేస్త" అన్నాను. ఆ క్షణంలో ఏమడిగినా సరేననేదాన్ని.

ఆ మగ్గం మీద ఎన్ని పడుగులు దించానో లెక్క పెట్టలేదు. మొదట్లో నడుము పట్టేసింది. చేతులు మాత్రం ఏదీ మర్చిపోలేదు. మా మామ మగ్గం, నా మగ్గం పక్కపక్కనే ఆడుతుంటే ఒక్కోసారి ఆయన చప్పుడును నేను దాటిపోయేదాన్ని. ఆయన వినీ విననట్టు ఉండేవాడు. సావుకారు మనిషి చీర మడత విప్పి అంచు చూసి, "మీ అబ్బాయి చెయ్యి బాగా తిరిగింది" అన్నాడు. ఏ అబ్బాయి? జైల్లో ఉన్న అబ్బాయా? మామ ఇంకో చీర తీసి అతని ముందు పెట్టాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

యాభై ఏడు మొదట్లో ఆయన వచ్చాడు. మెడ నిండా దండలు, వెనక జనం, జిందాబాద్‌లు. చెంపలు లోపలికి పోయాయి, గడ్డం నెరిసింది. అత్తమ్మ దిష్టి తీసింది. నేను కాళ్ళకు నీళ్ళిచ్చాను. నిజం చెప్పాలంటే ఆ రోజు మగ్గం గురించి ఆలోచన కూడా రాలేదు. మనిషి కళ్ళ ముందుంటే అంతే చాలనిపించింది.

మర్నాడు పొద్దున స్నానం చేసి వచ్చి, తిన్నగా వెళ్ళి గుంటలోకి దిగాడు. సగం నేసిన నా చీర దాని మీదే ఉంది. బొటనవేలితో గుడ్డను రుద్ది చూసి, "అంచు మంచిగొచ్చింది నాయినా" అన్నాడు తండ్రితో. తండ్రితో! అంతే, నాడె తీసి ఆడించడం మొదలుపెట్టాడు. మామ నా వైపు చూశాడు. లేస్తానన్నది నేనే. వెళ్ళి చరఖా ముందు కూర్చున్నాను.

మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "నా ఉత్తరం చదివినవా?"

"వాళ్ళే చదివి వినిపిచ్చిన్రు కద."

"మరి జవాబు?"

"వదిలిపెట్టే ముందు కాగితమిస్తే రాసిన. ముట్టలేదా?"

"ముట్టలే. ఏం రాసినవ్?"

"ఏమో, జైల్ల ఉంటిని. ఏం రాసిన్నో యాది లేదు" అని అటు తిరిగి పడుకున్నాడు. ఎలుకలు కొరికిన పోగులు ఎన్నో అధికారికి చెప్పగలిగిన మనిషికి తాను రాసింది గుర్తులేదట. నేనూ ఇటు తిరిగి పడుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు కండెలు చుట్టి ఆయన ముందు బుట్ట పెట్టడం, మాట్లాడకుండా వెనక్కి రావడం, ఇదే నా పని.

ఒక మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ గడప దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. "మనిషి ముందొచ్చిండు, పత్ర్ వెనకొచ్చింది" అన్నాడు. కవరు మీద బోలెడు ముద్రలు, మూలలు నలిగిపోయి ఉన్నాయి. ఆ రోజు మరిది ఇంట్లోనే ఉన్నాడు. అలవాటు కొద్దీ మామ మగ్గం ఆపాడు. ఎదురింట్లో ఆగింది. పెద్దమ్మ వచ్చి గడప మీద కూర్చుంది.

మా ఆయన గుంటలోంచి చెయ్యి చాచాడు. "నేనే వచ్చిన గద, ఇంకా చదువుడేంది? ఇటు తేరా." ముందు పడుగు, కింద కాళ్ళు, గబుక్కున లేవలేడు.

"ఇంటికి వచ్చిన పత్ర్ ఇంట్ల చదువాలె" అన్నాడు మామ. "చదువురా."

మరిది కవరు చింపాడు. "తీర్థరూప్" అనడానికి నోరు తెరిచి ఆగిపోయాడు. మళ్ళీ చూశాడు. "సౌభాగ్యవతి" అన్నాడు మెల్లగా. ఆ తర్వాత నా పేరు చదివాడు. నేను చరఖా ఆపాను.

"నీ ఉత్తరం మొత్తం నాకు చదివి వినిపించారు. ఒక్కొక్క పోగు గురించి అడిగారు. చెప్పీ చెప్పీ నాకు తెలిసింది, నువ్వు ఆ పని చేయగలవా అని నేను ఎప్పుడూ అడగనే లేదు." దాని కింద రెండు వరుసల మీద నల్ల సిరా పూసి ఉంది. మరిది దాన్ని దాటి చదివాడు. "నువ్వు కూర్చో. నేను వచ్చేదాకా అని కాదు. నేను వచ్చినా లేవకు. ఇంట్లో అందరినీ అడిగినట్టు చెప్పు."

"నా మోకాళ్ళ సంగతేం రాయలేదా?" అంది పెద్దమ్మ.

మామ తన మగ్గం మీంచి కొడుకు వైపు చూశాడు. "లెవ్వురా."

"నాయినా, అప్పుడు జైల్ల ఉంటిని…"

"రాసింది నువ్వేనా, కాదా?"

"నేనే."

"లెవ్వు మరి. మగ్గం నీది, మాట నీది. నడుమ నేనెవన్ని?"

వాడలో వాళ్ళంతా చూస్తుండగా ఆయన నాడె పక్కన పెట్టి, చేతులు ఆనించి, గుంటలోంచి పైకి వచ్చాడు. కాళ్ళు పట్టేసినట్టున్నాయి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను లేచి కొంగు దోపుకుని గుంటలోకి దిగాను. బుట్టలో చూస్తే కండెలు అయిపోయాయి.

"కండెలు ఏడున్నయి?" అన్నాడు ఆయన. తండ్రి ముందు నాతో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.

"నూలు చరఖా కాడ ఉన్నది" అన్నాను నేను కూడా అందరి ముందే. "నువ్వే చుట్టాలె."